ఢిల్లీలో నేనొక్కణ్ణే దక్షిణాది

ఢిల్లీలో మా ఆఫీసువాళ్ళు దక్షిణాది దినం జరిపారు. వింధ్యకి కిందున్నదంతా వాళ్ళకి ఒకటే ఊరు. ఆ ఊరి తరఫున నేనొక్కణ్ణే దొరికాను. జరీ అంచు తెల్ల పంచె కట్టి, నుదుట గంధం పూసి, కథాకళి బొమ్మ పక్కన నిలబెట్టారు.

"మీ ఇంట్లో రోజూ ఇడ్లీ సాంబారే కదా!" అని మేనేజరు మురిసిపోయాడు.

నౌపడ ఉప్పుమడుల దగ్గర చోడంబలి, అదే రాగి అంబలి, తాగి పెరిగానండీ, మా ఇంట్లో ఇడ్లీ జ్వరమొస్తేనే అన్నాను.

"మీ మద్రాసీలు ఎంత వినయస్తులో!" అన్నాడు.

కనీసం మనవాళ్ళకైనా నా బాధ అర్థమవుతుందని, ఫొటో పంపమని ఎన్నాళ్ళుగానో పోరుతున్న మా మావకి ఆ ఫొటోయే పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ఒరే, నీ ఫొటో పంపమంటే ఎవుడో అరవోడి ఫొటో పంపీసినావేటి?"