బిక్షం పెట్టె

మా తమ్ముడు బిక్షానికి ఒక్కటే పిచ్చి, తుపాకి లైసెన్సు. పెండ్లికి పోయినా, దవాఖానకు పోయినా ఆ బుక్కు అంగీ జేబుల ఉండాల్సిందే. పంట కాపలాకని మా బాపు తీసుకున్న తుపాకి, బాపు పోయినంక వీని పేర మీదికొచ్చింది. నేను రెండో తరగతి దాటలే గని, ఒక్క ఇంట్ల ఉంటం గద, వాడు చదివి చదివి ఆ చట్టమంత నాకూ నోటికొచ్చింది.

తుపాకి ఉండే పొడుగు కట్టెపెట్టెను ఎవ్వలనూ ముట్టనియ్యడు. తాళంచెవి మొలతాడుకే.

"జరుగురా, దుమ్ము తుడుస్త."

"వద్దక్కా! లైసెన్సు నీ పేర లేదు. చట్టం ఒప్పదు."

"పెట్టె మీది దుమ్ముకు గూడ లైసెన్సా?"

"జర ఆగు, బుక్కు చూసి చెప్త."

మా ఊరు సాతంరాయి చేన్ల అడవిపందులు మక్కలు మేస్తుంటే వీడు గట్టు మీద నిలబడి డబ్బా కొడతడు. "తుపాకి ఏందిరా, పూజకా?" అంటే, "పందిని కాల్చనీకె ఇంకో పర్మిషన్ కావాలె" అంటడు. పందులకూ ఆ సంగతి తెలిసినట్టుంది, నిమ్మళంగ తింటయి.

మొన్న మా చిన్నాయిన కొడుకు జగన్ కండ్లెర్రజేసుకొని ఉరికొచ్చిండు. వాళ్ళన్న లక్ష్మణ్ హద్దురాయి జరిపిండంట, జానెడు.

"అన్నా, తుపాకియ్యి! ఇయ్యాల వాడో నేనో!"

బిక్షం నిమ్మళంగ బుక్కు తీసిండు.

"చట్టం ఒప్పదు తమ్మీ. కూసో, చదువుత."

"నీ చట్టం పాడుగాను!"

జగన్ రోకలి అందుకొని తాళం పగలగొట్టిండు. మూత లేపి గట్లనే నిలబడ్డడు. లోపల తుపాకి లేదు. ఠాణా రసీదొకటి, వారం నుంచి నేను వెతుకుతున్న సకినాల డబ్బా ఉన్నయి.

"ఎలక్షన్లప్పుడు ఠాణాల అప్పజెప్పిన" అన్నడు బిక్షం, తల గోక్కుంట.

"ఏ ఎలక్షన్లురా?"

"గీడ ఏర్పోర్టు పడి విమానాలు దిగిన కొత్తలయి."

"అయిపోయినంక తెచ్చుకోవద్దా!"

"భూముల ధర పెరిగి ఎకరాలు పోయి గజాలొచ్చినయి గదక్కా. గజానికో కొట్లాట. నా దగ్గర లేదంటే ఇంకేడనో దొంగది కొంటరు. ఉందనుకుంటే సక్కగ నా దగ్గరికే వస్తరు. వస్తే కూసోబెట్టి చదువుత. వీనికంటె ముందు ఐదుగురొచ్చిండ్రు. ముగ్గురు వినుకుంట వినుకుంట నిద్రవోయిండ్రు."

జగన్ ఆడనే కూలబడి సకినం కొరికిండు. తెల్లారి అన్నదమ్ములిద్దరు సర్వేయర్‌ను పిలిపిచ్చుకున్నరు. పగిలిన తాళానికి బదులు కొత్తది తెచ్చింది గూడ జగనే.

పెట్టె సంగతి ఇప్పుడు ఊరంత ఎరుకే. అయినా కోపమొచ్చినోడు మా గడపకే వస్తడు. సకినాలకే వచ్చినమంటరు. చేసి చేసి నా నడుము విరుగుతున్నది. విరగనీ. తుపాకులున్నోళ్ళు మస్తుగుంటరు. గిసోంటి తమ్ముడు ఎవలకున్నడు, చూపియ్యుండ్రి!