ప్రైమర్ మీద సిందూరం

ఒళ్ళు మండిపోతోంది. అందుకే స్టవ్ కూడా వెలిగించకుండా ఇది రాస్తున్నాను.

కెనడాలోని సార్నియాలో, మా ఇంటి గ్యారేజ్‌లో రెండేళ్ళుగా ఒక స్పోర్ట్స్ కారు తయారుచేస్తున్నాను. విడిభాగాల కిట్ తెప్పించుకుని, ప్లాంట్‌లో డ్యూటీ దిగాక ఒక్కో బోల్టూ నేనే బిగించాను. రేపు పెయింటింగ్. బాడీకి ప్రైమర్ కొట్టి, అద్దంలా నున్నగా రుద్ది ఉంచాను. ఇక దాని మీద వేలు కూడా పెట్టకూడదు. జిడ్డు తగిలితే రంగు పట్టదు.

సాయంత్రం వచ్చి గ్యారేజ్ తలుపు ఎత్తగానే అగరొత్తుల వాసన. బానెట్ నిండా నూనెలో కలిపిన ఆంజనేయస్వామి సిందూరం! కారుకి ఇంకా చక్రాలు లేవు కాబట్టి, దాన్ని నిలబెట్టిన స్టాండ్ల ముందు నిమ్మకాయలు. పక్కన మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న కాలేజీ పిల్లలు, కరీంనగర్ అమ్మాయిలిద్దరు, మెచ్చుకుంటానేమోనని నవ్వుతూ నిలబడ్డారు.

"ఎవరు చేయమన్నారమ్మా మిమ్మల్ని?" అని అరిచాను.

"కొత్త బండికి పూజ చెయ్యకుంటే ఎట్ల ఆంటీ? అంకుల్‌కి సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నం."

"అంకుల్‌కెందుకు?"

"కారు అంకుల్‌దే కదా! మీరు హెల్ప్ చేస్తున్నరనుకున్నం."

రోజూ గ్రీజు చేతులతో వాళ్ళకి కనిపించేది నేను. మా ఆయన ఈ రెండేళ్ళలో గ్యారేజ్‌లోకి తెచ్చింది టీ కప్పులే. పాపం, కారు తనదని ఆయనెప్పుడూ చెప్పుకోలేదు కూడా.

పెయింటింగ్ వాయిదా వేశాను. సిందూరం మరక తుడిచి, మళ్ళీ రుద్దితే పోతుంది. ఈ రెండో మరక ఏ సాండ్‌పేపర్‌తో పోతుందో తెలిసినవాళ్ళుంటే చెప్పండి.