ఆసుపత్రికి కట్టుకెళ్లిన పాత చీర

నిరుడు మనవరాలికి రక్తం తక్కువగా ఉందంటే పామర్రు నుంచి విజయవాడలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. మాకు రెండెకరాల పొలం ఉన్నా, ఆసుపత్రికి వెలిసిపోయిన చీరే కడతాను. మంచి చీర చూస్తే పరీక్షలు ఎక్కువ రాస్తారని నా భయం.

మా ముందు కారులో వచ్చినవాళ్ల పిల్లకు ఏం పెట్టాలో, ఏం మాన్పించాలో ఆయన ఓపికగా చెప్పారు. తలుపు తెరిచే ఉండడంతో అంతా వినపడింది. మా పిల్లకు మాత్రం టానిక్ రాసి చీటీ చేతిలో పెట్టారు.

"తిండి సంగతి చెప్పలేదేమండీ?" అన్నాను.

ఆయన నా చీర వంక చూసి, "చెబితే మాత్రం అవన్నీ మీరు కొనగలరా అమ్మా?" అన్నారు.

బయట కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. "పోదాం నానమ్మా" అని పిల్ల కొంగు లాగింది. నేను లేవలేదు.

"కొనడం నా తిప్పలు. చెప్పడానికి మీకేం పోయిందండీ?"

ఆయన చీటీ తిరిగి తీసుకుని, దాని వెనక మూడో తరగతి చదివిన నాకూ అర్థమయ్యేలా తెలుగులో రాశారు. మునగాకు, గుడ్డు, రాగులు, వేరుశనగలు. మునగచెట్టు మా పెరట్లోనే ఉంది.

నాది ఆ పూటకు కట్టుకున్న బీదతనం. నిజంగా లేనివాళ్లయితే ఆ మాటకే లేచి వెళ్లిపోయేవారు. ఇప్పటికీ ఆసుపత్రికి ఆ చీరే కడుతున్నాను గానీ, తిండి సంగతి అడగకుండా కుర్చీలోంచి లేవడం లేదు.