బైఠకాలో నేను పెట్టిన ఆచారం

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మోశానంటే ఒళ్ళు హూనమైందని కాదు. బాగానే తిన్నాను, బాగానే పడుకున్నాను, నలుగురినీ నవ్విస్తూనే ఉన్నాను. కానీ మా వదిన ఎదురుపడ్డప్పుడల్లా భుజాల మీద ఏదో ఉన్నట్టుండేది. మీకు చెప్పేస్తాను. మీరు నన్నెరగరు, నా పేరు నేను చెప్పను. ఇద్దరికీ అదే మేలు.

మాది బెల్ ఎయిర్, ఈ చెరకు దీవిలో ఓ పల్లె. అమ్మ పోయాక నన్ను పెంచింది అన్నయ్య భార్య, అప్పలమ్మ వదిన. చీకటితోనే చెరకు తోటలో పనికి పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. నేను పోర్ట్ లూయీలో కాలేజీ చదువు ముగించుకుని ఇల్లు చేరాను. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ రాలేదు. నేనూ దాన్ని ఇబ్బంది పెట్టలేదు. తెలుగులో నాటకాలు రాద్దామనుకున్నాను.

ఇంట్లో రెండు గదులు, అన్నయ్య పిల్లలు, ఒక మేక. మేకకి నా కాగితాలంటే ప్రాణం. నా రాతల్ని అంత ఆత్రంగా అందుకున్నవాళ్ళు ఆ తర్వాత కూడా ఎవరూ లేరు.

వదిన ఇదంతా చూసింది. నేను అడగకుండానే పెద్దల దగ్గరికి వెళ్ళింది. మావాళ్ళకి ఊరి చివర ఒక బైఠకా ఉంది. చెరకాకు కప్పిన ఒంటిగది. సాయంత్రాలు మగపిల్లలకి అక్షరాలు, శనివారాలు రామభజన. పగలంతా ఖాళీ. "సదువుకున్నోడు, ఓ మూల కూకుని రాసుకుంటాడు, మీకేటి నష్టం?" అని వాళ్ళని ఒప్పించి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ గది గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మట్టి నేల, వదినే పేడతో అలికేది. నడుమ భజన సెమ్మె, నూనె కారి కారి నల్లబడ్డ దీపస్తంభం. మూలన పిల్లల పలకలు. ఒకే కిటికీ. దాని అవతల చెరకు తోట గాలికి ఆగకుండా ఏదో చెప్పుకుంటూ ఉండేది, కోతల కాలంలో మిల్లు నుంచి పాకం వాసన వచ్చేది. నేలమీద కూర్చుని పీటమీద కాగితం పెట్టుకుంటే చాలు, మాటలు వచ్చేవి. ఎందుకొచ్చేవి? ఆ సెమ్మె చుట్టూ అంతమంది పాడిన పాట గోడల్లో ఇంకిపోయి, నా చెవిలో మెల్లగా కారేదా? లేక ఎవరూ నన్ను పిలవని చోటు కావడమేనా? రాసింది నేనా, ఆ గదా? అప్పుడా ప్రశ్న వేసుకోలేదు. నేనే అనుకున్నాను.

కొన్నాళ్ళకి వదినా, ఇంకొందరు ఆడవాళ్ళూ కలిసి పిల్లలకి చదువు చెప్పే సింహాద్రి తాతని అడిగారు, మాకూ అక్షరాలు నేర్పమని. సాయంత్రం వాళ్ళకి వంట పని. తోట నుంచి వచ్చాక మధ్యాహ్నమే తీరిక. తాత సరేనన్నాడు. మధ్యాహ్నం అంటే నా వేళ.

నీకేమైనా అడ్డమా అని పెద్దలు మర్యాదకి నన్ను అడిగారు. గది నాకు కావాలి అని సూటిగా చెప్పేయొచ్చు. నాలుగు తిట్లు తిట్టి తాళంచెవి లాక్కునేవాళ్ళు, అంతటితో పోయేది. కానీ నేను చదువుకున్నవాణ్ణి. మర్యాదైన దారి వెతికాను.

"నాకేం అడ్డం లేదు. కాకపోతే మన దేశంలో భజన సెమ్మె నిలిపిన ఇంట్లో పగటిపూట ఆడవాళ్ళు అడుగు పెట్టరని పుస్తకాల్లో ఉంది" అన్నాను.

ఏ పుస్తకంలోనూ లేదు. అప్పుడే నా నోట్లో పుట్టింది.

మా తాతలు ఓడల్లో కూలీలుగా వచ్చినవాళ్ళు. ఇక కొత్త ఓడలు రావని తెలిసిన రోజులవి. మన దేశంలో ఇలా చేస్తారు అంటే, అవునో కాదో చెప్పే మనిషి అంత తేలిగ్గా దొరకడు. ఏదో మర్చిపోయామేమోనన్న భయం అందరిలోనూ ఉండేది. ఫలానా ఆచారం మీరు మర్చిపోయారని ఎవరైనా అంటే మావాళ్ళు వాదించరు, సిగ్గుపడతారు. నేను ఆ సిగ్గుకే గురిపెట్టాను. సింహాద్రి తాతకి గుణింతాలూ పాటలూ తప్ప పెద్ద పుస్తకాలు తెలియవు. తల దించుకుని, "పెద్ద తప్పే జరిగిపోయేది" అన్నాడు.

మర్నాడు వదిన నాకు అన్నం తెచ్చింది. మొదటిసారి గుమ్మం అవతలే ఆగింది.

"నిజంగా పుస్తకంలో ఉందేటి, మరిదీ?"

"ఉంది, వదినా."

"ఏదీ, సూపించు."

చేతికందిన పుస్తకం తీసి, ఒక పుట తిప్పి, ఒక వరస మీద వేలు పెట్టాను. అది ఆ పుస్తకాన్ని అచ్చేసిన మద్రాసు అచ్చాఫీసు చిరునామా.

ఆవిడ వంగి కాసేపు చూసింది. "ఇదేనా?"

"ఇదే."

"సూపించినా నాకేటి తెలుస్తాదిలే. నువ్వు సెప్పావు, సాలు." పుస్తకం అందుకుని కళ్ళకద్దుకుంది.

నేనూరుకున్నానా? "మంచిదే అయింది వదినా, అక్షరాలొస్తే నా రాతలు చదివి కొట్టేదానివి" అన్నాను. నవ్వింది. గిన్నె గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ నాకు గది ఇప్పించింది. ఆ గదిలోంచి నేను ఆవిణ్ణే బయటికి నెట్టాను. ఆవిడ ఆ అబద్ధాన్నే కళ్ళకద్దుకుంది.

గది నన్ను శిక్షిస్తుందనుకుంటారు కదూ. నేనూ కొంత ఎదురుచూశాను. శిక్షించలేదు. ఆ ఏడాది రాసినంత బాగా నేనెప్పుడూ రాయలేదు. అందులో ఒక నాటకంలో ఓ పిల్ల చదువుకుంటానని తండ్రినే ఎదిరిస్తుంది. ఊళ్ళో ఆడిస్తే జనం కళ్ళు తుడుచుకున్నారు. వదిన ముందు వరసలో కూర్చుని ఏడ్చింది. నేల అలికే పని మగవాళ్ళకి వచ్చింది. అలికారనడం కంటే పేడ పడేశారనడం సబబు.

తర్వాత మోకా అనే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. బల్ల, కుర్చీ, కిటికీలోంచి కొండ. రచయితకి ఇంతకంటే ఏం కావాలంటారు అందరూ. ఆ బల్ల దగ్గర నేను జీతం రాళ్ళు తప్ప ఇంకేమీ సంపాదించలేదు. కొండకి నా మీద ఏ అభిప్రాయమూ లేదు.

ఈమధ్య ఇక్కడి ఫీనిక్స్ అనే ఊళ్ళో బంధువుల ఇంటికి వెళ్ళాను. అక్కడి బైఠకా ముందు ఒక తల్లి, కూతురి చెయ్యి పట్టుకుని, పిల్లకి పగలు చదువు చెప్పమని అడుగుతోంది. భజన గురువు పాతికేళ్ళవాడు. "పగలు ఆడపిల్లలు లోపలికి రాకూడదమ్మా. సెమ్మె ఉంది కదా. మన దేశం నుంచి వచ్చిన ఆచారం" అన్నాడు. నా నాటకాల్లో ఒక్క మాట కూడా ఈ దీవిలో ఎవరికీ గుర్తులేదు. ఇది మాత్రం ఊళ్ళు దాటి నడిచింది. ఆ తల్లి నావైపు చూసింది, కోటు వేసుకున్నవాణ్ణి కదా. వాన వచ్చేలా ఉందన్నాను.

అసలు ఇదంతా రాయడమెందుకు? నోటితో చెప్పడానికి ఒక్క మాట చాలు. వదిన ఇంకా ఉంది, చెవులు బాగా వినిపిస్తాయి. బహుశా అందుకే కాగితాన్ని ఎంచుకున్నాను. ఇది తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టినా చదవలేదు. ఆ ఏర్పాటు చేసింది నేనే.

మోకా బల్ల దగ్గర చాలాసార్లు మొదలుపెట్టాను, ముందుకు సాగలేదు. ఈ ఆదివారం బెల్ ఎయిర్ వచ్చి, తాళంచెవి అడిగి తీసుకుని, పాత పీట ముందేసుకుని కూర్చున్నాను. వచ్చింది. ఒప్పుకోలు కూడా నాకు ఇక్కడే రావాలి కాబోలు. రాశాక కొంచెం తేలికైంది. తేలికైంది నాకు, ఆవిడకి కాదు. ఆ తేడా నాకు తెలుసు.

ఇప్పుడే గిన్నె చప్పుడైంది. వదిన నీడ గది మధ్యదాకా వచ్చింది. ఆవిడ మాత్రం గుమ్మం అవతలే ఉంది.

"తిని రాసుకో, మరిదీ. సల్లారిపోద్ది" అంటోంది.