చాప చాటు

మొన్న కౌలాలంపూర్ విమానాశ్రయంలో నా మోకాలిలో ఉన్న ఇనుప ముక్కను పసిగట్టి తనిఖీ యంత్రం గోలపెట్టింది. కాపలా అమ్మాయి నన్ను తెర వెనక్కి తీసుకెళ్ళి, అరవంలో బామ్మను పిలిచినట్టు, మాట చివర ఇక్కడందరూ తగిలించే 'లాహ్'తో, "ఒక్క నిమిషం లాహ్, పాట్టీ" అంటూ భుజాలు మెల్లగా తడిమింది. ఆ తెర చూడగానే మా పెద్దమ్మ గుర్తొచ్చి నా కళ్ళు తడిశాయి. నొప్పెట్టిందేమోనని పాపం ఆ పిల్ల హడలిపోయింది.

ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ పాలన చివరి రోజుల్లో, ఎమర్జెన్సీ కాలం అది. అడవిలోని తిరుగుబాటుదారులకు తిండి అందకూడదని బంటింగ్ దగ్గర మా రబ్బరు తోటలో మేముండే కూలిలైన్ల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. చెట్ల పాలు గీయడానికి వెళ్ళేవాళ్ళు గుప్పెడు బియ్యమైనా దాచారేమోనని గేటు దగ్గర ఒళ్ళు తడిమి చూసేవారు. ఆడవాళ్ళనైనా తడిమేది మగ కాపలావాళ్ళే. అమ్మ పళ్ళు బిగించుకుని నిలబడేది.

పెద్దమ్మ పళ్ళు బిగించే రకం కాదు. మనిషి కారునలుపు, నోరు పెద్దది. వక్కాకు వేసుకోకపోతే మాట రాదు, వేసుకుంటే ఆగదు. ఒక తెల్లవారుజామున, ఐదారేళ్ళ నేను అమ్మ కొంగు పట్టుకుని చూస్తూండగా, పాలబకెట్లు దించి గేటు ముందు మట్టిలో చతికిలబడింది.

"మమ్మల్ని తడమడానికి ఆడమనిసినెట్టండి. సుట్టూ సాప కట్టండి. అందాకా నెగను."

మా మేస్త్రీ, అంటే కంగాణి, పకపకా నవ్వాడు. "నల్లమూకకి పరువొకటా!"

"నల్లోల్లమే లాహ్. నలుపుకి సిగ్గుండదేటి?" అంది పెద్దమ్మ.

అమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. ఎదురుతిరిగినవాళ్ళకు తిరుగుబాటుదారుల మనుషులని ముద్రవేసి, మేమెవరమూ చూడని ఇండియాకు పంపేస్తున్న కాలం మరి. "అప్పా, ఓడెక్కించేత్తారే, నెగు!" అంటూ తన అక్క చెయ్యి పట్టి లాగింది. పెద్దమ్మ కదల్లేదు. అమ్మ కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, తన బకెట్లు కూడా దించి పక్కనే కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే, లైన్లలోని ఆడవాళ్ళంతా కూర్చున్నారు. ఎండెక్కితే చెట్టు పాలివ్వదు. ఆ సంగతి తోట యజమాని తెల్లదొరకు మాకంటే బాగా తెలుసు. ఆయన ఆకాశం వంకా గడియారం వంకా చూసి, చివరికి చాప కట్టించాడు. తడమడానికి కంగాణి పెళ్ళాన్నే నిలబెట్టాడు! ఆవిడ రోజూ భుజం మీద చెయ్యేసి, "నిన్న ఏటి కూర?" అని అడిగి పంపేసేది. ఆ మొదటి రోజు చాప చాటుకు వెళ్ళాక పెద్దమ్మ చేతులు గజగజ వణకడం నేను చూశాను. అంత భయాన్ని కడుపులో పెట్టుకునే కూర్చుందన్నమాట. ఆవిడంటే నాకు ఈనాటికీ అంత ప్రేమ అందుకే.

మెర్డెకా నాటికి మా వైపు కంచె పీకేశారు. స్వాతంత్ర్యం వచ్చిన ఆ రోజు పెద్దమ్మ ఆ పాత చాపనే లైను ముందు పరిచి, ఆడవాళ్ళందరినీ పిలిచింది. "కూకోండే. ఇయాల కూకోడానికి బెదరక్కర్లేదు" అంది.

విమానాశ్రయంలో ఆ పిల్లకు ఇదంతా చెబుదామనుకున్నాను గానీ, వెనకాల జనం ఉన్నారు. కంచెలదేముంది, కాలం గడిస్తే వాటంతటవే తుప్పుపట్టి రాలిపోతాయి. ఆ తెర మాత్రం కాలం తెచ్చింది కాదు, ఎప్పుడో ఒక తెల్లవారుజామున మా పెద్దమ్మ మట్టిలో కూర్చుంటే వచ్చింది.