కోపం పక్కన ఒక ఏడాది

మా ఆయన మీద నాకు కోపం. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని మేముండే కార్ఖానా ఏరియాలో మా చర్చివాళ్లంతా చెప్పారు. పెట్టుకున్నాను. ఛాతీలో నొప్పి వస్తే గ్యాసేనని వాము నీళ్లు తాగి పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. ఆ టైముకు నేను స్కూల్లో పాఠం చెబుతున్నాను. ఒక్క ఫోన్ చేస్తే ఆయన సొమ్మేం పోయింది?

మా స్కూల్లో లెక్కల టీచరు నాకు ధ్యానం నేర్పింది. పొద్దున్నే పాలప్యాకెట్లు లోపల పెట్టి, బాల్కనీలో కుర్చీ వేసుకుని, కాళ్లు నేలకు ఆనించి ఊపిరిని గమనించాలి. మనసులోకి ఏది వచ్చినా తరమకూడదు. రోజూ వచ్చేది కోపమే. మొదట్లో పళ్లు నూరుకుంటూ లేచిపోయేదాన్ని. మొండిదాన్ని కదా, మర్నాడు మళ్లీ కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు అది దవడలో మొదలై గొంతులోకి ఎలా దిగుతుందో తెలిసిపోయింది. కాసేపు మండించి సద్దుమణుగుతుంది. దాని కింద ఏడుపు ఉంటుంది. ఏడ్చి, మొహం కడుక్కుని స్కూలుకు వెళ్లేదాన్ని.

ఇదంతా మా అత్తమ్మకు నచ్చలేదు. "కండ్లు మూసుకుంటే ప్రార్థనన్న చెయ్యాలె బిడ్డా. ఉత్తగ కూసునుడేంది?" అనేది.

ఏడాది నిండాక ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. అందులో భార్య లేచి సాక్ష్యం చెప్పాలి, దేవుడు చేసిన మేళ్లు తలుచుకోవాలి. అత్తమ్మ ముందే హెచ్చరించింది. "మంచిగ చెప్పు. ఆ దినం ముచ్చట తియ్యకు."

పాస్టరుగారు పిలిచారు. లేచేసరికి దవడ బిగుసుకుంది. నాకు తెలిసిన దారే. ఊపిరి తీసుకున్నాను.

"ఆయన చాలా మంచి మనిషి. ఆయన మీద నాకింకా కోపమే," అన్నాను. "మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీలో నొప్పొస్తే వాము నీళ్లు ఇవ్వకండి. ఆటో పిలవండి."

ఆమెన్ అనాలో వద్దో తెలియక అందరూ పాస్టరుగారి వైపు చూశారు. అత్తమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె ఇంకో కుర్చీ ఈడ్చుకుంటూ బాల్కనీలోకి వచ్చింది.

"వాము నీళ్లు కాచిచ్చింది నేనే బిడ్డా," అంది. "దవఖానకు పోతనన్నడు. జెరసేపు పండుకో, తగ్గుతదని నేనన్న."

కోపం భగ్గుమని లేచింది, ఈసారి ఆమె మీద. ఏడాదిలో ఇంత మంట ఎప్పుడూ ఎరగను. అది దవడలోంచి గొంతులోకి దిగి, దాని కింద ఏడుపు తగిలేదాకా ఆగాను.

"మంచిగ కూసో అత్తమ్మా," అన్నాను. "కాళ్లు కింద పెట్టు."