పెద్దత్త చెప్పని చేదు

పోయిన నెల మా పెద్దత్త చనిపోయింది. ఉదయం పది దాటి ఉంటుంది. నేను బిస్కెట్లు కవరులో పోసి చపాతీ కర్రతో నలుపుతున్నాను. మా ఆయన వచ్చి గడప దగ్గర నిలబడి, "పెద్దమ్మ పోయింది" అన్నాడు. పాలలో నీళ్ళు కలిపావని పాలతనితో కొట్లాడి, లోపలికి పోయి మంచం మీద కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగిందట. నేను వెంటనే లేవలేదు. కవరులో ఇంకా నాలుగైదు బిస్కెట్లు నలగకుండా ఉన్నాయి. వాటిని కూడా నలిపి, కవరు మూతి ముడివేసి, అప్పుడు లేచాను.

మా చర్చి సంఘం పత్రికలో వేయడానికి ఆమె గురించి స్త్రీలందరూ నాలుగు మాటలు రాసి ఇవ్వమని పాస్టరు అయ్యగారు అడిగారు. చాలామంది ఆమె ప్రభువులో నిద్రించిందని రాశారు. నాకు ఆ మాట రాయడానికి చేయి రాలేదు. ఆమె నిద్రపోగా నేను ఎప్పుడూ చూడలేదు. గోడకు ఇవతల నేను చెంచా కింద పడేసినా అవతలి నుంచి ఏం పడిందని అడిగేది. ఆమె ప్రేమమూర్తి అని కూడా రాశారు. నా వరకు ఆమె అట్లా లేదు. నేను చూసింది, విన్నది రాస్తాను.

పెద్దత్త అంటే మా మామ వాళ్ళ అన్న భార్య. మా అత్త నా పెళ్ళికి ముందే చనిపోయింది కాబట్టి, నాకు అత్తరికం చూపించింది ఈమే. వేంపల్లెకు దగ్గర్లో మా పల్లె. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. నాది కర్నూలు దగ్గర ఓర్వకల్లు వైపు పల్లె, ఆరో తరగతితో చదువు ఆగింది. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ ఆమెకు నేను 'కర్నూలుది'. కర్నూలుదాన్ని పిలువు, కర్నూలుది యాడ పోయింది, కర్నూలుది చేసిన కూరలో ఉప్పు లేదు. నా పేరు ఆమెకు తెలియక కాదు. నా పెళ్ళి పత్రిక ఆమె గూట్లోనే ఉండేది.

మా చర్చిలో పండగ నాడు ఆరాధన అయ్యాక అందరం కలిసి ప్రేమ విందు తింటాం. ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నె రావాలి. గిన్నెలన్నీ బల్ల మీద వరుసగా పెట్టి, మూతలు తీయకముందే, ఏది ఎవరి చేతి వంటో ఒకరు పైకి చెప్పాలి. ఆ తరువాతే ప్రార్థన, ఆ తరువాతే తిండి. చెప్పే పని మా పెద్దత్తది. నేను రావడానికి చాలా ఏళ్ళ ముందు నుంచీ ఆమేనట. వేలి కణుపుతో మూత మీద రెండు సార్లు తట్టి, ఇది ఫలానా ఆమె పొట్టేలు కూర, ఇది ఫలానా ఆమె చిత్రాన్నం అని చెప్పేది. ఆ ఒక్క క్షణం అందరూ ఆ ఆడమనిషి వైపు చూసేవారు.

నేను మూడేళ్ళు ఆ విందుకు ఉల్లిగడ్డలు తరిగాను, విస్తరాకులు కడిగాను. ఒక ఈస్టరుకు రాత్రంతా కూర్చుని పూర్ణం పెట్టి ఓళిగలు కాలిస్తే, మూత మీద తట్టి 'మా ఇంటి ఓళిగలు' అంది. మా ఇల్లు అంటే ఆమె ఇల్లు. నేను స్తంభం వెనక నిలబడి విన్నాను. ఒక్కసారి, ఆ బల్ల మీద ఒక గిన్నె నాది అని అందరికీ వినబడాలని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. అంతకు మించి నాకు ఈ ఊరి నుంచి ఏమీ అవసరం లేదు.

కర్నూలులో మా పిన్ని కూతురి పెళ్ళిలో, చిన్న గాజు గ్లాసులో ఒక తీపి పెట్టారు. అడుగున బిస్కెట్ల పొడి, దాని మీద తెల్లటి క్రీమ్, ఆ పైన పండ్ల ముక్కలు, మళ్ళీ అదే వరుస. పొయ్యి ముట్టించే పనే లేదని, ఫ్రిజ్‌లో పెడితే చాలని అక్కడి ఆడవాళ్ళు చెప్పారు. మా పల్లెలో అది ఎవరూ చేసి ఉండరు. ఓళిగలైతే ఆమెవి అనుకుంటారు, ఇదైతే ఎట్లా అనుకుంటారు అని నా ఆలోచన. క్రిస్మస్ ముందు మా ఆయనను క్రీమ్ తెమ్మని పంపాను. ఆయన వేంపల్లెలో ఫ్యాన్సీ షాపుకు పోయి ముఖానికి పూసుకునే క్రీమ్ తెచ్చాడు. పెద్దత్త గోడ మీదుగా డబ్బా చూసింది.

"ఏమప్పా, నీ పెండ్లాం ముఖానికి పూసేది కడుపుకు పెడతాందా?" అంది.

సాయంత్రానికి పల్లె మొత్తం ఆ మాటే. తినే క్రీమ్ బేకరీలో దొరుకుతుందని నేను మళ్ళీ చెప్పి పంపాల్సి వచ్చింది.

మా ఆయన తోటల దగ్గర అరటి గెలలు, బొప్పాయిలు లారీలకు ఎక్కించే పనికి పోతాడు. మెత్తబడిన బొప్పాయిలను లారీకి ఎక్కించరు, కూలీలే ఇంటికి తెచ్చుకుంటారు. అవి ఎర్రగా, తియ్యగా ఉన్నాయి. నేను వాటినే ముక్కలు కోసి వరుసలు పేర్చాను. మాకు ఫ్రిజ్ లేదు. పండగ ముందు రోజు సాయంత్రం గిన్నె పట్టుకుని పెద్దత్త ఇంటికి పోయాను. ఆమె మూత ఎత్తి చూసింది. బొప్పాయా అని అడిగింది. ఊ అన్నాను. మీగడ మీదనా అని అడిగింది. దానికీ ఊ అన్నాను. మూత వేసి, నా ముఖం వైపు కాసేపు చూసి, "పెట్టుకో" అంది.

తెల్లవారి చర్చి వెనక ఆడవాళ్ళందరూ ఉండగా ఆమే ముందు రుచి చూసింది. తుపుక్కున ఉమ్మింది.

"దీంట్లో ఏం కలిపినావు మే? వేపాకు నూరి పోసినావా?"

ఒకరి తరువాత ఒకరు వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని ముఖాలు చిట్లించారు. నేనూ రుచి చూశాను. గొంతు దిగనంత చేదు. గిన్నె బల్ల దాకా పోలేదు, కాలువలో ఒలికించారు. పండగ పూట కర్నూలుది చేదు తినిపించబోయిందని వారం రోజులు చెప్పుకున్నారు. ఎందుకు చేదయిందో నాకు తెలియలేదు. నా చేతిలోనే ఏదో దోషం ఉందనుకుని, ఆ వారం పిండి కలపాలన్నా భయపడ్డాను.

మా ఆయన ఈ సంగతి తోట దగ్గర చెబితే అక్కడి కూలి ఆడవాళ్ళు నవ్వారట. బొప్పాయి పండుకు పాలు తగిలి రాత్రి నిలవుంటే చేదెక్కుతుంది, బొప్పాయి తోటలున్న ఊళ్ళో ఇది తెలియనివాళ్ళు ఉంటారా అన్నారట. మా ఓర్వకల్లు వైపు రాళ్ళే గాని బొప్పాయి తోటలు నేను చూడలేదు. ఆయన ఆ మాట చెప్పగానే నాకు ఆ సాయంత్రం ఆమె మూత వేసిన తీరు గుర్తుకు వచ్చింది. నేరుగా గోడ చుట్టి అవతలికి పోయాను. ఆమె కందులు చెరుగుతూ ఉంది.

"పెద్దత్తా, బొప్పాయికి పాలు తగిలితే చేదవుతాదని నీకు తెలుసా?"

చేట ఆపలేదు. "తెలుసు."

"ముందు రోజే చూసినావు గదా. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితివా?"

నేను అక్కడి నుంచి పోలేదు. ఆమే మళ్ళీ అందుకుంది.

"మూడేండ్లాయ గోడ పక్కన ఉండావు. ఒక్క మాట అడగవు. ఉప్పెంత అని అడగవు, నీళ్ళెప్పుడు వస్తాయని అడగవు. అన్నీ వచ్చిన దాని మాదిరి తల వంచుకోని పోతాంటావు. నోరు లేనిదానికి నేను పోయి పోయి చెప్పాల్నా?"

"నువ్వు కర్నూలుది అని పిలుస్తాంటే ఏం అడగాల? నాకు పేరుండాది."

"ఉంటే చెప్పుకో. ఎవరు వద్దన్యారు?"

ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఆమె చేసింది తప్పు. తెలిసి తెలిసి ఒక మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసింది. అది నాకు నేర్పడానికే చేసిందని ఇప్పుడు కొందరు అంటున్నారు. నేర్పేవాళ్ళు ముందు రోజు సాయంత్రమే నేర్పవచ్చు. నేను ఆమెను క్షమించానని రాయమంటే రాయలేను.

కానీ ఆ మరునాటి నుంచి ఆమెను అడగడం మొదలుపెట్టాను. కోపంతోనే అడిగాను. ఆమె బట్టలు ఆరేసే వేళ, కోళ్ళకు గింజలు వేసే వేళ, గోడ దగ్గర నిలబడి ప్రశ్న మీద ప్రశ్న వేసేదాన్ని. తెలియదని ఆమె నోటితో అనిపించాలని నా పట్టుదల. ఆమె తిడుతూనే జవాబు చెప్పేది. ఒక్కసారి కూడా చెప్పనని అనలేదు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఈ రెండు మాటలు ఆమె గురించి నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఈస్టరుకు మళ్ళీ అదే తీపి చేస్తానని చెప్పాను. అరటిపండు వేయవచ్చా అంటే నల్లబడుతుందంది. చీనీకాయ, అదే బత్తాయి, తొనలు వేయవచ్చా అంటే మీగడ విరుగుతుందంది. కోడూరు వైపు నుంచి తొలి మామిడి దిగుతుంది, అదైతే పాలతో పేచీ పెట్టుకోదు అంది. బిస్కెట్ల పొడి ముద్ద కట్టడానికి వెన్న కరిగించాలి. పొయ్యి ఎందుకు, ఆ గడప మీద పెట్టు అంది. మా ఎండకు పది నిమిషాల్లో వెన్న నూనె అయింది. క్రీమును కవ్వంతో గిలకొడుతుంటే గోడ అవతలి నుంచి ఆ చప్పుడు విని, "చాలు ఆపు, మజ్జిగ చేస్తాండావా, ఇంగ రెండు తిప్పులు తిప్పితే వెన్న పడతాది" అని అరిచింది. చూస్తే నిజంగానే క్రీమ్ బరకబారడానికి సిద్ధంగా ఉంది.

వరుసలు పేర్చేటప్పుడు మాత్రం వచ్చి గడపలో నిలబడింది. లోపలికి రాలేదు. నేను క్రీమును గిన్నె నడిమధ్యన పోసి అంచులకు జరుపుతున్నాను. పండ్ల రసం పక్కల నుంచి కిందికి దిగి పొడి తడిసిపోతోంది.

"నువ్వు మట్టి మిద్దె ఏసింది చూసినావా?" అని అడిగింది.

లేదన్నాను. నాకు తెలిసినవి రేకులు, స్లాబులే. ఆమె చిన్నప్పుడు వయసొచ్చిన ఆడపిల్లలందరూ తట్టలతో చవుడు మట్టి మోసి మిద్దెల మీద పోసేవాళ్ళట. దూలాల మీద కట్టెలు, వాటి మీద ఆకు, ఆకు మీద మట్టి. మట్టి ఎప్పుడూ ముందు గోడ అంచున పడాలి. అంచు గట్టిగా అదిమిన తరువాతే నడిమికి రావాలి. నడిమి నుంచి మొదలుపెడితే మొదటి వానకే గోడ వెంబడి నీళ్ళు కారతాయి. ఒక వరస ఆరక ముందే ఇంకొక వరస వేయకూడదు.

"అంచు ముందర. ఒక్కొక్క వరసకు చెయ్యి కడుక్కోని కూచో. తొందరపడేదానికి నీకేం బిడ్డ ఏడుస్తాందా?" అంది.

ఆ చివరి మాట నాకు పిల్లలు లేరని పొడవడానికే. అది నాకు తగిలింది. తగిలినా, చెంచా తిప్పి అంచు నుంచి వేశాను. పొడి అంచున అదిమాను, ఫ్రిజ్‌లో కాసేపు పెట్టాను, క్రీమ్ అంచు నుంచి పరిచాను, మళ్ళీ పెట్టాను. ఆమె ఇంటికీ మా ఇంటికీ ఆరు సార్లు తిరిగాను. ప్రతిసారీ ఏదో ఒకటి అంటూనే తలుపు తీసింది. గాజు గిన్నెలో పక్క నుంచి చూస్తే గోధుమ రంగు, తెలుపు, పసుపు గీతలు గీసినట్టు నిలిచాయి.

ఈస్టరు రోజు బల్ల దగ్గర ఆమె ఒక్కొక్క మూతా తట్టుకుంటూ వచ్చింది. నా గిన్నె దగ్గర ఆగింది. తట్టింది. "ఇది మా ఇంటిది కాదు" అంది. కొందరు కిసుక్కున నవ్వారు. క్రిస్మస్ సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఇక పక్క గిన్నెకు పోతుందనుకున్నాను. పోలేదు. మూత మీద చేయి పెట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఎవరిదో వాళ్ళే చెప్పాల" అంది.

ఎంతసేపు నిలబడిందో తెలియదు. అన్నం చల్లారుతోందని మగవాళ్ళు గొణిగారు. ఆమె కదలలేదు. ఇది కూడా నన్ను నలుగురిలో నిలబెట్టి ఏడిపించడానికే అనుకున్నాను, ఇప్పటికీ సగం అట్లాగే అనుకుంటాను. చివరకు స్తంభం వెనక నుంచి నా పేరు చెప్పాను. వినపడలేదంది. ఇవతలికి వచ్చి మళ్ళీ చెప్పాను. ఆమె తల ఊపి పక్క గిన్నెకు పోయింది. ఆ రోజు నా గిన్నె అడుగు కనపడేదాకా తిన్నారు. ఆమె రెండు చెంచాలు తిని, తీపి ఎక్కువైందంది. మరునాడు గోడ మీదుగా మళ్ళీ కర్నూలుదానా అనే పిలిచింది.

ఆమె పోయాక పదకొండో రోజు ఆ ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక. సమాధి చేసిన రోజు నాకు కన్నీళ్ళు రాలేదని ఆడవాళ్ళు గమనించారు, చెవులు కొరుక్కున్నారు. కూడికకు ఇంటింటి నుంచీ గిన్నెలు వచ్చాయి. నేనూ మామిడిపండ్లతో చేసి తీసుకుపోయాను. అయ్యగారి ప్రసంగం అయింది, పాట అయింది, అందరూ బల్ల దగ్గరకు వచ్చారు. అప్పుడు గాని ఎవరికీ తట్టలేదు, ఏది ఎవరిదో చెప్పే మనిషి లేదని. ఎవరి గిన్నె దగ్గర వాళ్ళు మూత మీద చేయి పెట్టుకుని నిలబడ్డారు. నా కంటే రెండింతలు వయసున్నవాళ్ళు, ఏ పెళ్ళిలోనైనా గొంతెత్తి పాడేవాళ్ళు, తలలు వంచుకుని నిలబడ్డారు. వాళ్ళ వంట పేరు వాళ్ళు ఎప్పుడూ చెప్పుకోలేదు. వాళ్ళందరి మాటా ఆమే చెప్పింది. నా ఒక్కదానిది తప్ప.

ఆమె ఉంటే ఏమనేదో నాకు తెలుసు, అది మంచి మాట కాదు. నా పేరు చెప్పి, ఇది నాది అన్నాను. పక్కనున్న ముసలామె నన్ను చూసి, తన పేరు చెప్పి, ఇది నా వంకాయ కూర అంది. ఆమె పక్కనామె చెప్పింది. బల్ల చివరి దాకా ఒక్కొక్క గొంతూ లేచింది, ఒక్కొక్క మూతా లేచింది. అన్ని గిన్నెల నుంచీ ఆవిరి వచ్చింది. నా గాజు గిన్నెకు మాత్రం బయటంతా సన్నటి నీటి చుక్కలు పట్టి, మెల్లగా జారి, బల్ల మీది తెల్లగుడ్డను గుండ్రంగా తడుపుతున్నాయి.